పొట్టు దిండుకు చలి భయం లేదు, మంచు భయమే!

చలిగాలి మొదలవగానే మన ఇళ్ళలో ముందుగా కదిలేవి అటక మీది మూటలు, మంచం కింది పెట్టెలు. రజాయిలు దిగుతాయి, కంబళ్ళు ఎండకెక్కుతాయి, పెద్దవాళ్ళ శాలువలూ మంకీ టోపీలూ కలరా ఉండల వాసనతో బయటికొస్తాయి. దిండు సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాదు. మే నెలలో ఏ దిండు మీద పడుకున్నామో జనవరిలోనూ అదే దిండు. తీరా తెల్లవారి లేచేసరికి మెడ ఇటు తిరగదు, అటు తిరగదు. "రాత్రి చలికి పట్టేసింది" అని చలిని నాలుగు తిట్టి, ఇంత అమృతాంజనం పూసుకుని పనిలో పడతాం.

తప్పంతా చలిదే కాదు. చలికి మనం ముడుచుకుని పడుకుంటాం. భుజాలు చెవుల దాకా లాక్కుని, ఒకే వైపు ఒత్తిగిల్లి, దుప్పటి వెచ్చదనం పోతుందేమోనని రాత్రంతా కదలకుండా ఉంటాం. అలాంటప్పుడు తల కింద ఉన్నది అణగారిపోయిన దిండైనా, బండలాంటి దిండైనా మెడ ఊరుకోదు. ఈ మధ్య అందరూ కొంటున్న మెమరీ ఫోమ్ దిండుకి ఇంకో గుణం ఉంది. గది చల్లబడిన కొద్దీ అది గట్టిపడుతుంది. అంగట్లో నొక్కి చూసినప్పుడు వెన్నలా దిగిన దిండు, పుష్యమాసం రాత్రి మొండికేస్తుంది.

మన పెద్దవాళ్ళ కాలంలో దిండంటే బూరుగు దూది. తమిళనాట ఇలవంపంజు అన్నా, కర్ణాటకలో బూరుగద హత్తి అన్నా ఆ దూదే. చలికాలం ముందు వీధిలో దూది ఏకేవాడి విల్లు మోత వినిపించేది. పాత దిండు విప్పించి, దూది ఏకించి, ఎండబెట్టి మళ్ళీ కుట్టించేవారు. ఇప్పుడా విల్లు మోత లేదు, ఏకించే ఓపికా లేదు. ఆ ఖాళీలోకి మొదట నురుగు దిండ్లు వచ్చాయి. ఇప్పుడు బెంగుళూరు, చెన్నై, పూణె వంటి ఊళ్ళలో సేంద్రియ వస్తువుల దుకాణాల్లోనూ, ఇంటికే తెచ్చిచ్చే అంగళ్ళలోనూ పొట్టు దిండొకటి కనిపిస్తోంది. బక్‌వీట్ పొట్టు దిండు అని దాని పేరు. ఉత్తరాది వారు ఆ గింజను కుట్టు అంటారు. మా వీధి చివర పరుపుల కొట్టులో "కుట్టు దిండు ఉందా?" అని అడిగితే, "మా దిండ్లన్నీ కుట్టినవేనండీ!" అన్నాడాయన.

ఏమిటీ కుట్టు?

పేరులో వీట్ అని ఉన్నా ఇది గోధుమ కాదు. గోధుమ, వరి, రాగి అన్నీ గడ్డి జాతికి చెందినవి. కుట్టు ఆ జాతిదే కాదు. మనం పప్పులో వేసుకునే చుక్కకూరకి ఇది దగ్గరి చుట్టం. రెండూ ఒకే కుటుంబం మొక్కలు. ధాన్యం కాదు కనకనే ఉత్తర భారతంలో నవరాత్రి ఉపవాసాల్లో దీని పిండితో పూరీలు చేసుకుంటారు. కుమావూఁ, గఢ్వాల్ కొండల్లోనూ, హిమాచల్, సిక్కిం వైపునా పండుతుంది. చలి ప్రదేశాల్లో, పేద నేలల్లో, రెండున్నర మూడు నెలల్లో చేతికొచ్చే పంట.

గింజ మూడు పలకలుగా ఉంటుంది, చిన్న పిరమిడ్ లాగా. మరపట్టినప్పుడు నల్లటి పై పొట్టు విచ్చుకుని చిన్న చిన్న దొప్పల్లా వస్తుంది. దిండులో నింపేది ఆ దొప్పల్నే. ఒకదాని అంచు ఇంకోదాన్ని పట్టుకుని నిలుస్తుంది కనక తల పెట్టిన చోట గుంట పడి, ఆ గుంట అలాగే ఉంటుంది. నురుగు దిండులాగా తిరిగి పైకి తన్నదు. మెడ వంపు కింద పొట్టును కాస్త చేత్తో నెట్టుకుంటే అక్కడే ఆగుతుంది. దొప్పల మధ్య గాలి ఆడుతూ ఉంటుంది. వరి ఊకతో ఈ పని చేయించబోతే అది గరుకు, గుడ్డలోంచి గుచ్చుకుంటుంది.

ఈ దిండుకి పుట్టిల్లు తూర్పు ఆసియా. చైనాలో ఉంది, కొరియాలో ఉంది, అన్నిటికంటే జపాన్‌లో దీనికి పేరెక్కువ. అక్కడ కుట్టు పిండితో చేసే సేమియాలాంటి సోబా ఇంటింటా తింటారు. డిసెంబరు 31 రాత్రి పాత ఏడాదిని సాగనంపుతూ సోబా తినడం వాళ్ళకి ఆనవాయితీ. అన్నంత తిండి తింటే పొట్టు ఎంత మిగలాలి! ఆ పొట్టు పేరు సోబాగరా. వృథాగా పారెయ్యకుండా దిండ్లలో నింపారు. పూర్వం అక్కడి స్త్రీలు పెద్ద పెద్ద కొప్పులు పెట్టుకునే రోజుల్లో, కొప్పు చెదరకుండా చెక్క పెట్టె మీద సన్నటి చుట్ట దిండు కట్టుకుని, దాని మీద మెడ ఆనించి పడుకునేవారు. ఆ చుట్ట దిండులోనూ ఈ పొట్టే.

చలిలో దాని తీరు

జపాన్ వాళ్ళకి నిద్ర విషయంలో ఒక సూత్రం ఉంది. తల చల్లగా ఉండాలి, పాదాలు వెచ్చగా ఉండాలి అని. మనం సరిగ్గా దానికి ఎదురు. తలకి టోపీ, చెవులకి మఫ్లరు చుట్టుకుని, కాళ్ళు దుప్పటి బయట పెట్టి పడుకునే మహానుభావులు మన ఇళ్ళలో ఎందరో! వాళ్ళు వేడినీళ్ళ సీసాను దుప్పటిలో పాదాల దగ్గర పెట్టుకుంటారు, దిండు జోలికి తీసుకురారు. పొట్టు దిండు ఆ సూత్రానికి సరిపోయిన వస్తువు. అది వేడిని పుట్టించదు. తల వేడిని తన సందుల్లోంచి మెల్లగా బయటికి పంపేస్తుంది. అందుకే వేసవిలో హాయి.

మరి చలికాలంలో? మొదటి పావుగంట మాత్రం చల్లగానే తగులుతుంది. రెండు మూడు కిలోల పొట్టు రాత్రి గదిలో చల్లబడి ఉంటుంది కదా, మన చెంప దాన్ని వెచ్చబెట్టడానికి కొంత సేపు పడుతుంది. ఒకసారి వెచ్చబడ్డాక ఇబ్బంది లేదు. ఎంత చలి వేసినా ఇది నురుగు దిండులా బిగుసుకుపోదు. ఆ మొదటి చల్లదనానికి విరుగుడు చిన్నది. పడుకునే అరగంట ముందు దిండును రజాయి కింద దూర్చి ఉంచండి. సన్నటి గలీబు తీసేసి మందపాటి నూలు గలీబు కానీ, ఫ్లానెల్ గుడ్డ గలీబు కానీ తొడగండి. అంతే.

కొందరు అతి తెలివికి పోయి దిండును మైక్రోవేవ్ పొయ్యిలో పెడతారట. అది మాత్రం వద్దు. ఎండిన పొట్టు, గుడ్డ, పైగా జిప్పు. మాడిపోవడమే కాదు, నిప్పంటుకునే ప్రమాదం ఉంది. వేడినీళ్ళ సంచిని దిండు మీద పెట్టి వెచ్చబెట్టడమూ మంచిది కాదు, మూత ఏమాత్రం వదులైనా పొట్టు తడిసిపోతుంది. ఆ సంచిని జపాన్ వాళ్ళలా పాదాల దగ్గరే పెట్టుకోండి. మధుమేహంతో పాదాలు మొద్దుబారిన పెద్దవాళ్ళకి అదీ వద్దు. కాలినా వాళ్ళకి తెలియదు, మేజోళ్ళు చాలు.

నేను చేసిన పొరపాటు

ఇవన్నీ ముందే తెలిసి చేసినదాన్ని కాదు. మెడ నొప్పికి విసిగి ఈ దిండు కొన్న మొదటి చలికాలం. కొత్త సంబరంలో, దిండును ఎండలో పెట్టాలని ఎవరో చెబితే మిద్దె మీద ఆరేశాను. ఆ రోజే పెళ్ళికి వెళ్ళాం. భోజనాలై, పలకరింపులై, ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. బెంగుళూరు పుష్యమాసం, అప్పటికే మంచు పడుతోంది. దిండు పైకి తడిగా ఏమీ అనిపించలేదు. గలీబు మార్చి అలాగే పడుకున్నాను. వారం తిరిగేసరికి దిండులోంచి ముక్కిన వాసన. పది రోజులకి గలీబు మీద ఒక ముక్కు పురుగు పాకుతూ కనిపించింది.

కలరా ఉండలు రెండు లోపల పడేద్దామని తీశాను. మా అత్తగారిది కోలారు వైపు. ఎనభై దాటింది, అయినా చూపు, ముక్కు రెండూ చురుకు. ఆవిడ దిండు దగ్గరికి లాక్కుని, జిప్పు తీయించి, లోపల చెయ్యి పెట్టి పిడికెడు పొట్టు తీసి అరచేతిలో నలిపింది. వాసన చూసింది. "ఇది దిండు గాదమ్మా, గింజ. గింజను చూసుకున్నట్టు చూసుకోవాల" అంది. కలరా ఉండలు చూసి, "రాత్రంతా దీంట్లో ముక్కు పెట్టి పండుకుంటావు, ఆ ఘాటు నీకు మంచిదా?" అని చీవాట్లు కూడా పెట్టింది. ఆవిడ అన్నది నిజమే. ఆ ఉండల ఆవిరి పీల్చడం ఎవరికీ మంచిది కాదు, చంటిపిల్లలకి మరీ ప్రమాదం.

వాళ్ళ ఊళ్ళో రాగుల్ని పాతరలో పోసి ఏళ్ళ తరబడి నిలవ చేసేవారట. ఆవిడ చిన్నప్పుడు పాతర తీసిన రోజున మూత తీసిన వెంటనే ఎవరినీ దిగనిచ్చేవారు కాదు. లోపలి చెడ్డ గాలి పోయేదాకా ఆగాల్సిందే. గింజకి చలి ఏమీ చెయ్యదు, చెమ్మే దాన్ని తినేస్తుంది అన్నది ఆవిడకి పుట్టుకతో వచ్చిన చదువు. పాతరల మాట చెబుతూనే నా దిండును విప్పించింది. ఆ రోజు మా వసారాలో జరిగింది రాగులు బాగుచేసే తంతే, కాకపోతే చేటలో ఉన్నది జపాన్ పొట్టు.

చేట, జల్లెడ, ఎండ

పాత చీర ఒకటి పరిచి దాని మీద దిండు విప్పండి. గాలి వీస్తున్న చోట వద్దు, పొట్టు తేలిక, ఇల్లంతా పరుచుకుంటుంది. ముక్కుకి గుడ్డ కట్టుకోండి. సన్న జల్లెడలో పోసి జల్లిస్తే విరిగిన ముక్కలు, దుమ్ము కిందికి రాలతాయి. పొట్టుతో పాటు అక్కడక్కడ పగలని గింజలు కానీ పిండి అంటిన ముక్కలు కానీ ఉంటే ఏరేయండి. పురుగు వచ్చేది ఆ పిండి కోసమే, ఉత్త పొట్టు దానికి రుచించదు. తర్వాత పలచగా పరిచి ఎండబెట్టాలి.

ఇక్కడ మన చలికాలం మనకి మేలే చేస్తుంది. నడివేసవి ఎండకి పొట్టు పెళుసెక్కి విరిగిపోతుంది. చలికాలం ఎండ సరిగ్గా సరిపోతుంది. పొద్దున తొమ్మిదిన్నర పది గంటలకి, నేల మీది మంచు ఆరిన తర్వాత పెట్టి, మూడు మూడున్నరకల్లా లోపలికి తెచ్చేయాలి. నాలుగు దాటితే గాలిలో చెమ్మ మొదలవుతుంది. ఎండ నుంచి తెచ్చిన వేడి పొట్టును వెంటనే సంచిలో కుక్కకుండా, గదిలో అరగంట చల్లారనిచ్చి నింపాలి. ప్రతిసారీ ఇలా విప్పనక్కర్లేదు. నెలకోసారి దిండును గలీబు తీసి అలాగే ఎండలో పెట్టి, మధ్యలో ఒకసారి తిప్పి, నాలుగు సార్లు కుదిపితే చాలు. విప్పి జల్లించడం ఏడాదికి ఒకసారి, అదీ సంక్రాంతి ముందు ఇల్లు దులిపే రోజుల్లో.

పొట్టు ఆరిందో లేదో తెలుసుకోవడానికి అత్తగారి పరీక్ష వినడమే. ఆరిన పొట్టు సరసరలాడుతుంది, వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. చెమ్మగా ఉంటే శబ్దం మందగిస్తుంది, పిడికిట్లో ముద్దకడుతుంది. అనుమానం తీరకపోతే పొడి గాజు సీసాలో పిడికెడు పొట్టు వేసి మూత బిగించి గంటసేపు ఎండలో ఉంచండి. సీసా లోపలి వైపు ఆవిరి పట్టిందంటే ఇంకా ఆరలేదన్నమాట.

పురుగు ముందే పడి ఉంటే ఫ్రిజ్‌లోని ఐసు అరే గతి. పొట్టును గట్టి ప్లాస్టిక్ సంచిలో పోసి గాలి దూరకుండా మూతి కట్టి, మూడు నాలుగు రోజులు ఉంచితే పురుగు, గుడ్లు చస్తాయి. ఇందులో ఒక మెలిక ఉంది. బయటికి తీయగానే సంచి విప్పకూడదు. చల్లటి పొట్టు మీద బయటి గాలిలోని చెమ్మ చేరి నీళ్ళవుతుంది. ఆ పూటంతా సంచిని అలాగే వదిలేసి, గది వేడికి వచ్చిన తర్వాత విప్పి ఎండబెట్టాలి. నేను తొందరపడి విప్పి, చేసిన పనంతా రెండోసారి చేశాను.

నీళ్ళతో కడగడం మాత్రం చలికాలంలో తలపెట్టకండి. రెండు కిలోల తడి పొట్టు ఈ ఎండకి ఆరేలోపల బూజు పడుతుంది. ఉతకవలసింది సంచి, గలీబు మాత్రమే. సంచి ఆరాక ఇస్త్రీ పెట్టె ఒకసారి తిప్పండి, కుట్ల దగ్గర చెమ్మ మిగిలిపోతుంది. పాలో కాఫీయో ఒలికితే అప్పటికప్పుడు విప్పి, తడిసిన పొట్టు వేరు చేసి పారేసి, తక్కినది ఫ్యాను కింద ఆరబెట్టండి.

ఊరును బట్టి చెమ్మ

మన పత్రిక చదివేవారందరిదీ ఒకే చలి కాదు. చెన్నైలో చలికాలమని మనం అనుకునే రోజుల్లో సగం ఈశాన్య రుతుపవనాల వానలే. యానాంలో అటు గౌతమి, ఇటు సముద్రం, కార్తీకమాసంలో తుఫాను భయం. అలాంటి చోట్ల రెండు వారాలు ఎండ ముఖం చూడకపోవచ్చు. దిండును గోడకి ఆనించకుండా, నేల మీద పెట్టకుండా, పగలంతా కుర్చీలో నిలబెట్టి ఫ్యాను గాలి తగలనివ్వండి. పరుపు మీద దుప్పటి కప్పి దాచకండి. రాత్రి మన తల, ఊపిరి ఇచ్చిన చెమ్మ పగలు ఆరాలి.

కోరాపుట్, జయపురం వైపు కొండల్లో చలి గట్టిది, పొగమంచు ఎక్కువ. తెల్లవారి కిటికీలు తీయగానే ఆ పొగమంచు పడకగదిలోకే వస్తుంది. జయపురంలో ఉండే మా వదిన కిటికీ తీసే ముందు దిండ్లు బీరువాలో పెట్టి, పది గంటలకి బయటికి తీస్తుంది. బరంపురంలో సముద్రపు గాలి దగ్గర, అక్కడివారు చెన్నై లెక్కే అనుసరించవచ్చు. నాగపూర్ చలి దీనికి పూర్తిగా వేరు. పొడి చలి, రాత్రి వణుకు, పగలు చక్కటి ఎండ. అక్కడ చెమ్మ బాధ లేదు కానీ పొట్టు పెళుసెక్కి తొందరగా దుమ్మవుతుంది, చప్పుడూ ఎక్కువే. గంటల తరబడి ఎండబెట్టకుండా గంటన్నరతో సరిపెట్టడం మంచిది.

చప్పుడు మాట వచ్చింది కనక చెబుతున్నాను. తల తిప్పినప్పుడల్లా సరసరమంటుంది. మా వారు మొదటి రాత్రి ఎలుక దూరిందని లేచి దీపం వేశారు. నాలుగైదు రోజులకి అలవాటైంది. అలవాటు కాని వారు మందపాటి గలీబు వేసుకుంటే కొంత తగ్గుతుంది.

నూనె తలలు

మన వాళ్ళకి మాత్రమే ఉన్న చిక్కు ఇది, ఏ దుకాణం కాగితంలోనూ రాసి ఉండదు. చలికాలంలో మనం తలకి నూనె ఎక్కువ పెడతాం. పేరుకున్న కొబ్బరినూనెను వెచ్చజేసి మరీ పట్టిస్తాం. ఆ నూనె గలీబు దాటి సంచిలోకి, అక్కడి నుంచి పొట్టులోకి దిగుతుంది. నూనె తాగిన పొట్టు కొన్నాళ్ళకి కారు వాసన వేస్తుంది, ఎంత ఎండబెట్టినా ఆ వాసన పోదు. కాబట్టి రెండు గలీబులు తొడిగి, పైన ఒక మందపాటి తువ్వాలు పరుచుకోండి. ఇందుకు షోలాపూర్ టర్కీ తువ్వాలును మించింది నాకు కనిపించలేదు. ఆ మగ్గాల వెనక ఉన్నవాళ్ళలో చాలామంది మన పద్మశాలీలే కదా, అభిమానం కొంచెం ఉంటే ఉండనివ్వండి! వారానికి రెండుసార్లు తువ్వాలు మారిస్తే దిండు నాలుగేళ్ళు నిలుస్తుంది.

తలంటు పోసుకున్న రాత్రి జాగ్రత్త. కార్తీక స్నానాలు, ధనుర్మాసం పూజలు, ఇంట్లో అయ్యప్ప దీక్షలు, చలికాలమంతా తెల్లవారుజాము తలస్నానాలే. పొడుగు జుట్టు ఈ చలికి సాయంత్రానికి కూడా లోపల ఆరదు. పూర్వం సాంబ్రాణి పొగ వేసి ఆరబెట్టేవారు. తడి జుట్టుతో ఈ దిండు మీద పడుకోకండి. ఆ రాత్రికి మామూలు దూది దిండు వేసుకోండి. నిండా ముసుగు పెట్టి పడుకునే వారి ఊపిరి చెమ్మ కూడా దిండులోకే పోతుంది. ముసుగు గడ్డం దాకా దించితే ఊపిరికీ మంచిది, దిండుకీ మంచిది.

ఎవరికి వద్దు

ఇది కాస్త నిదానంగా చదవండి. కుట్టు కొందరికి పడదు. ఆ పడకపోవడం ఒక్కోసారి తీవ్రంగా ఉంటుంది. జపాన్‌లో 1988 డిసెంబరులో సప్పోరో నగరంలో, బడిలో పెట్టిన సోబా కొంచెం తిన్న ఒక పిల్లవాడు ఉబ్బసం వచ్చి చనిపోయాడు. ఇప్పుడా దేశంలో పొట్లం కట్టి అమ్మే తిండిలో కుట్టు ఉంటే పైన రాసి తీరాలని చట్టం. తినడమే కాదు, దిండులోని పొట్టు దుమ్ము పీల్చడం వల్ల రాత్రిళ్ళు ఉబ్బసం వచ్చిన వారి గురించి జపాన్, కొరియా వైద్యులు రాశారు. అక్కడి చాలా బసల్లో ఈ దిండు స్థానంలో చిన్న ప్లాస్టిక్ గొట్టం ముక్కలు నింపిన దిండ్లు వచ్చాయి.

నాగపూర్‌లో మా చిన్నాన్న కూతురి ఇంట్లో ఇది కళ్ళారా చూశాను. నా మాట విని తనూ ఈ దిండు కొంది. వాళ్ళ తొమ్మిదేళ్ళ వాడు అమ్మ పక్కన ఆ దిండు మీదే పడుకునేవాడు. రాత్రి రెండు గంటలకి దగ్గు, పిల్లికూతలు. పగలంతా బాగానే ఉండేవాడు. చలికి జలుబు చేసిందని నెల రోజులు కషాయాలు పోశారు. చివరికి వైద్యుడు, "పడకగదిలోకి కొత్తగా ఏం వచ్చింది?" అని అడిగాడు. దిండు తీసేశాక రాత్రి దగ్గు తగ్గింది. చలికాలం జలుబుల మాటున ఇది దాక్కుంటుంది, అదే ప్రమాదం. మీ ఇంట్లో ఉబ్బసం వాళ్ళున్నా, కుట్టు పూరీలు తిని ఎప్పుడైనా దద్దుర్లు లేచినా, పెదాలు వాచినా ఈ దిండు కొనకండి. కొన్న తర్వాత రాత్రిళ్ళు తుమ్ములు, కళ్ళ దురద, ఆయాసం కనిపిస్తే దిండును గదిలోంచి తీసేసి వైద్యుడికి చెప్పండి. ఎంత డబ్బు పోసి కొన్నా సరే. ఆయాసం ఎక్కువైతే తెల్లవారేదాకా ఆగకండి.

చంటిపిల్లల సంగతి. మనలో చాలా ఇళ్ళలో బిడ్డ తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుట్టిస్తారు. ఆవాల బదులు ఈ పొట్టు నింపితే మెత్తగా ఉంటుందని ఎవరైనా అంటే వినకండి. ఏడాది నిండని బిడ్డకి ఏ దిండూ వద్దనే పిల్లల వైద్యులు చెబుతున్నారు. ముఖం అందులో కూరుకుపోతే తీసుకోలేని వయసది. కుట్టు విడిపోతే గింజలు, పొట్టు నోట్లోకీ ముక్కులోకీ పోతాయి. పడుకున్నప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి, మెలకువగా ఉన్నప్పుడు మనం చూస్తుండగా కాసేపు బోర్లా వేస్తూ ఉంటే తల దానంతట అదే సర్దుకుంటుంది.

ఎత్తు, కొలత

కొత్త దిండు నిండా కుక్కి ఉంటుంది. అలాగే వాడి, "రాయిలా ఉంది" అని అటకెక్కించిన వాళ్ళు నాకు తెలుసు. జిప్పు తీసి రెండు మూడు దోసిళ్ళు తీసేయండి. ఒత్తిగిల్లి పడుకునే వారికి భుజం అంచు నుంచి చెవి దాకా ఉన్న ఎత్తు నిండాలి. వెల్లకిలా పడుకునే వారికి అంత అక్కర్లేదు. చలికి ముడుచుకుని పక్కకి పడుకుంటాం కనక వేసవి కంటే ఇప్పుడు ఒక దోసెడు ఎక్కువే పడుతుంది. తీసిన పొట్టు మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో దాచండి. మూడేళ్ళు వాడేసరికి కొంత నలిగి దిండు దిగుతుంది, అప్పుడు అందులోంచే నింపుకోవచ్చు. మెడ నొప్పితో పాటు చేతుల్లోకి తిమ్మిరి దిగుతున్నా, పట్టు తప్పుతున్నా దిండ్లు మారుస్తూ కూర్చోకుండా వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి.

జల్లించగా వచ్చిన దుమ్ము, నలిగిన పాత పొట్టు గులాబీ కుండీల్లో పైమన్ను మీద పరిస్తే తేమ ఆరకుండా కాపాడుతుంది. దిండులో పనికిరాని గుణం కుండీలో పనికొస్తుందన్నమాట. కిందటి భోగికి మా పిల్లలు పాత నురుగు దిండు మంటలో వేయబోతే ఆ పొగ విషమని ఆపాం. పొట్టు మాత్రం మా అత్తగారు మంటకి ఇవ్వనివ్వలేదు, పిడికెడు పిడికెడు లెక్కపెట్టి కుండీలకి పంచింది. ఇప్పుడు చలికాలంలో నేను ఎప్పుడు గడప దాటబోయినా, ఆవిడ లోపలి గదిలోంచి ఒక్క ప్రశ్న వేస్తుంది: "దిండు లోపలికొచ్చిందా?"